గోదావరి మొగల ముందు గాలిమరలు, కెరటాల కరెంటు: రెండూ కలిపితే లాభమా, బరువా?

కోటిపల్లి రేవు
అందరికీ నమస్కారమండి. కాకినాడలో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. సెమినార్‌కి సముద్రంలో గాలిమరలు, కెరటాల విద్యుత్తు రెండూ ఒకే చోట పెట్టడం అనే విషయం తీసుకున్నాను. చదివినంతలో వాదన బాగానే ఉంది. గాలిమరల కోసం ఎలాగూ సముద్రం అడుగున కేబుల్ వేస్తారు, సబ్‌స్టేషన్ కడతారు, మరమ్మతు బోట్లు పెట్టుకుంటారు. మరకీ మరకీ మధ్య కిలోమీటరు పైనే ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో కెరటాల యంత్రాలు దింపితే అదే కేబుల్ మీద ఇంకొంత కరెంటు ఒడ్డుకి వస్తుంది. పైగా గాలి పడిపోయాక కూడా కెరటం గంటల తరబడి ఉంటుంది కాబట్టి సరఫరాలో ఎగుడుదిగుళ్లు తగ్గుతాయంటున్నారు. ఇది మన అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ఉన్న తీరంలో కుదిరే పనేనా? సముద్రం తెలిసినవాళ్లు, కరెంటు తెలిసినవాళ్లు ఇద్దరూ ఈ ఫోరంలో ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

యానాం బాబాయి
గాలి కబుర్లతో కరెంటు తీయగలిగితే మన రెండు జిల్లాల వాళ్లం దేశం మొత్తానికి సప్లై ఇచ్చేవాళ్లం బాబూ. ఆయ్. సరే, నేను పక్కన కూర్చుని వింటాను, మొదలెట్టండి.

లంకల పిల్ల
నేను ఉద్యోగరీత్యా స్కాట్లాండులో ఉంటున్నాను, ఇలాంటి ప్రాజెక్టుల చుట్టూనే మా పని. ముందు కెరటం లెక్క చూద్దాం తమ్ముడూ, అక్కడే సగం జవాబు దొరుకుతుంది.

లోతైన నీళ్లలో కెరటం మోసుకొచ్చే శక్తిని ఉజ్జాయింపుగా ఇలా కడతారు: కెరటం ఎత్తుని మీటర్లలో తీసుకుని వర్గం చెయ్యి, దాన్ని రెండు కెరటాల మధ్య పట్టే సెకన్లతో గుణించు, అందులో సగం. కెరటం వెడల్పులో ప్రతి మీటరుకీ అన్ని కిలోవాట్లు. మీటరు ఎత్తు, 8 సెకన్లు అనుకుంటే 4 కిలోవాట్లు. అదే రెండు మీటర్లైతే 16. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలన్నమాట. భారత తీరం మొత్తానికి సాధారణంగా చెప్పే సగటు 5 నుంచి 10 కిలోవాట్లు. ఇక్కడ స్కాట్లాండు, ఐర్లాండు పడమటి ఒడ్డున అది 50 దాటుతుంది. ఈ యంత్రాలన్నీ అలాంటి సముద్రాన్ని చూసి గీసినవి. వాటిని తెచ్చి మన నీళ్లలో పెడితే ఏడాదిలో ఎక్కువ రోజులు ఊరికే ఊగుతూ ఉంటాయి.

ఇంకొకటి. గోదావరి మొగల ముందు, అంటే నది పాయలు సముద్రంలో కలిసే చోట్ల, నీళ్లు తక్కువ లోతు, అడుగంతా బురద. లోతు తగ్గే కొద్దీ కెరటం అడుగుని రాసుకుంటూ వస్తుంది, మెత్తని బురద దాని శక్తిని తాగేస్తుంది. అందుకని ఒడ్డుకి దగ్గరగా పెడదామంటే మిగిలేది ఇంకా తక్కువ.

వేమగిరి లైను
గాలి సంగతీ అంతేనండి, కాస్త నయం. గాలి శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. సెకనుకి 6 మీటర్ల గాలిని 9 మీటర్ల గాలితో పోలిస్తే వేగం ఒకటిన్నర రెట్లే, శక్తి మాత్రం మూడింతలు పైన. అందుకే కేంద్రం 2015లో సముద్రపు పవన విద్యుత్తు విధానం తెచ్చిన దగ్గర్నుంచి అందరి చూపూ గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ, తమిళనాడులో మన్నార్ సింధుశాఖ మీదే. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 7,453 కోట్ల సాయం కూడా ఆ రెండు రాష్ట్రాలకే, చెరి 500 మెగావాట్లు. అందులో 600 కోట్లు రేవులు బాగుచేసుకోవడానికి. మన పేరు ఆ వరసలో లేదు.

అలాగని కొట్టిపారేయకండి. మన దగ్గర ఇంకెక్కడా లేనిది ఒకటుంది: ఖాళీగా కూర్చున్న తీగలు. గ్యాసు వస్తుందని నమ్మి జేగురుపాడు, వేమగిరి, రావులపాలెం దగ్గర, కాకినాడలో ప్లాంట్లు కట్టారు. సామర్లకోటలో ఏకంగా 2,400 మెగావాట్లు. మన ముందున్న కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో డి6 క్షేత్రం గ్యాసు 2009 ఏప్రిల్‌లో మొదలై, 2010లో రోజుకి 6 కోట్ల ఘనపు మీటర్లు దాటి, తరవాత చతికిలబడింది. ప్లాంట్లూ పడుకున్నాయి. వాటి కోసం వేసిన లైన్లు, సబ్‌స్టేషన్లు మాత్రం ఇంకా నిలబడే ఉన్నాయి. సముద్రం నుంచి కరెంటు ఒడ్డెక్కాక ఎక్కడికి తోలాలి అని మిగతా తీరాల వాళ్లు తల పట్టుకుంటారు. మనకి ఆ బెంగ తక్కువ.

కోటిపల్లి రేవు
అంటే గాలీ అంతంతే, కెరటమూ అంతంతే. రెండు అంతంతలు కలిస్తే ఒక పూర్తి అవుతుందా అన్నదే నా ప్రశ్నండి.

యానాం బాబాయి
అల్లుళ్ల విషయంలో అయితే అవ్వలేదు.

పాత రిగ్గు మనిషి
నేను సముద్రంలో గ్యాసు ప్లాట్‌ఫారాల మీద ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యాను. రెండింటినీ "కలపడం" అంటే ఎలా కలుపుతావన్నది ముందు తేల్చుకో బాబూ. పద్ధతులు రెండున్నాయి, ఒకదానికొకటి పొంతన లేదు.

ఒకటి: ఒకే తేలే దిమ్మె మీద గాలిమరా, కెరటాల యంత్రమూ. బొమ్మలో అందంగా ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే ఆ రెండూ దిమ్మెని కోరే తీరు వేరు. కెరటం నుంచి శక్తి లాగాలంటే యంత్రం దానితో పాటు బాగా లేవాలి, పడాలి, ఎంత కదిలితే అంత కరెంటు. గాలిమరకి అది పడదు. వంద మీటర్ల పైన టర్బైన్ పెట్టె ఉంటుంది, కింద దిమ్మె ఒక డిగ్రీ వాలితే పైన అది మీటరున్నర పైన ఊగుతుంది. బేరింగులు, గేరు పెట్టె, రెక్క మొదళ్లు అన్నీ అరుగుతాయి. ఒకదానికి మంచిదైతే రెండోదానికి చెడ్డ. నడిమధ్యన సర్దితే రెండూ సగం సగం పని చేస్తాయి.

డెన్మార్కు వాళ్లు ఇది చేసి చూశారు. పోసైడన్ అని 37 మీటర్ల వెడల్పు దిమ్మె, దాని మీద మూడు చిన్న గాలిమరలు, ముందు కెరటాల్ని మింగే తలుపులు. 2008 నుంచి 2013 దాకా విడతలు విడతలుగా లోలాండ్ దీవి దగ్గర నిలబెట్టారు, కరెంటు తీశారు. పని చేస్తుందని రుజువైంది. అంతకు పదింతలు పెద్దది వ్యాపారానికి నిలబెట్టినవాడు మాత్రం ఇంతవరకు లేడు. నార్వేలో మొదలైన డబ్ల్యూటూపవర్ అనే ఇంకో నమూనాకీ అదే గతి. కాగితం మీద గాలీ కెరటమూ రెండూ ఉన్నాయి, 2019లో కానరీ దీవుల దగ్గర నీళ్లలోకి దింపేసరికి దాని మీద ఉన్నవి రెండు గాలిమరలే.

రెండో పద్ధతి: దేని ఒళ్లు దానిదే. గాలిమరలు వేరు, కెరటాల యంత్రాలు వేరు, ఒడ్డుకొచ్చే కేబుల్ ఒకటి. రెండు చేలకి ఒకటే బోదె అన్నట్టు. నా మటుకు నాకు మాట్లాడదగ్గది ఇదొక్కటే. అప్పుడు కెరటాల యంత్రం పాడైనా గాలిమర తిరుగుతూనే ఉంటుంది.

లంకల పిల్ల
బాబాయ్ గారు చెప్పినదానికి డబ్బు వైపు ఒక మాట. గాలిమరకి బ్యాంకు అప్పిస్తుంది, ఎందుకంటే 1991లో డెన్మార్కు విండెబీలో 11 మరలతో మొదలైన మొదటి సముద్రపు క్షేత్రమే పాతికేళ్లు నడిచి 2017లో విప్పారు. అంత చరిత్ర ఉంది. కెరటాల యంత్రానికి అలాంటిది లేదు. పెలామిస్ అనే పాము ఆకారపు యంత్రాలు మూడు, 2008లో పోర్చుగల్ అగుసదౌరా దగ్గర 2.25 మెగావాట్లతో పెట్టారు. కొన్ని నెలలకే ఒడ్డుకి లాక్కొచ్చేశారు, 2014లో కంపెనీ దివాలా. ఆయిస్టర్ యంత్రం చేసిన కంపెనీ మరుసటి ఏడాది మూతపడింది. ఇలాంటి దాన్ని మంచి గాలి ప్రాజెక్టుకి తగిలిస్తే, బ్యాంకువాడు మొత్తం ప్రాజెక్టు వడ్డీనే పెంచేస్తాడు. కేబుల్ పంచుకుని మిగిల్చిన డబ్బు అక్కడ పోతుంది. సెమినార్లో ఈ కోణం ఎవరూ చెప్పరు, నువ్వు చెప్పు.

బైరవపాలెం సరంగు
చదువుకున్నోళ్లు మాట్లాడుకుంటుంటే మద్దెలో వస్తన్నాను, ఏవనుకోకండి. మీరు ఖాళీ ఖాళీ అంటన్న ఆ కిలోమీటరు మాకు ఖాళీ కాదండి. అది మా వేట. గాలిమర అయితే ఎత్తుగా ఉంటది, లైటుంటది, రాత్రి ఆమడ దూరం నించి కనపడతది, తప్పుకుని పోతాం. ఈ కెరటాల మిషన్లు నీళ్లకి జానెడు పైన ఉంటాయంట కదా. నాలుగు పక్కలా లంగరు గొలుసులు. చీకట్లో, వాన ముసురులో ఎవడికి కనపడతాయండి? వల తగులుకుంటే కోసుకోడమే గతి. సోనా బోటు ఇంజను పంకాకి గొలుసు తగిలితే మనుషులే పోతారు.

గ్యాసు ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్లు లోపలికి పోకూడదన్నారు. సరే అన్నాం. అక్కడ చేప చేరతది, అది మాకూ తెలుసు, గీత అవతల వేసుకుంటాం. ఇప్పుడు వంద మిషన్లు పెట్టి వందకీ గీత గీస్తే ఇంక సముద్రం ఏదండి మాకు?

కోటిపల్లి రేవు
సరంగు గారూ, ఇదే వినాలనుకున్నానండి. పుస్తకాల్లో దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు.

గాలిమరలు, కెరటాల యంత్రాలు ఇలా దూరం దూరంగా జల్లకుండా, యంత్రాలన్నీ ఒక వరసగా క్షేత్రానికి దక్షిణాన పెడితే ఎలా ఉంటుంది? కెరటం ముందు వాటికి తగిలి మెత్తబడుతుంది, వెనక గాలిమరల దగ్గర నీళ్లు నెమ్మదిస్తాయి, మరమ్మతు బోటు ఎక్కువ రోజులు వెళ్లగలుగుతుంది. ఇది నిజంగానే లాభం అని ఒక వాదన ఉంది. మీ బోట్లకి కూడా ఒకే గీత చుట్టి రావడం సులువు కదా?

బైరవపాలెం సరంగు
సులువే. వంద గీతల కన్నా ఒక గీత మేలు. ఎంత పొడుగో, మొగకి ఎదురుగానో పక్కనో చెప్పాలి ముందు. మొగ ముందు అడ్డుగా పెడితే మేం ఇంటికి ఎట్టా రావాలి?

మడ అడవి
దక్షిణాన వరస అన్నారు కాబట్టి అడగక తప్పదు. ఆ వరస వెనక కెరటం మెత్తబడితే ఇసక ఏమవుతుంది?

మన తీరంలో నైరుతి రుతుపవనాల్లో కెరటాలు దక్షిణం నుంచి ఏటవాలుగా కొట్టి ఇసకని ఉత్తరానికి తోలుకుపోతాయి. గోదావరి పాయ గౌతమి తెచ్చిన ఇసక అలా నడిచి నడిచి కట్టినదే హోప్ ఐలాండు, 16 కిలోమీటర్ల ఇసక దిబ్బ. కాకినాడ రేవుకి సహజమైన గోడ అదే. కోరంగి మడ అడవులు, కాకినాడ అఖాతం దాని చాటునే ఉన్నాయి. ఎగువన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి డెల్టాకి చేరేది ఇప్పటికే తగ్గిపోయింది. ఉన్న కాస్త ఇసకని నడిపించేది ఆ కెరటమే. కెరటం దగ్గర శక్తి తీసుకుంటే ఇసక నడక మందగిస్తుంది, యంత్రాల వెనక మేట వేస్తుంది, ఉత్తరాన కోత పెడుతుంది. ఉత్తరాన ఎవరున్నారో చెప్పక్కర్లేదు. ఇప్పటికే సముద్రం కోసుకుపోతున్న ఉప్పాడ.

వేమగిరి లైను
అదే కెరటాన్ని ఉప్పాడ ముందే ఆపితే? కోతకీ మందు, కరెంటుకీ కరెంటు. స్పెయిన్‌లో బాస్క్ తీరాన ముట్రికు అనే ఊళ్లో రేవు గోడలోనే గదులు కట్టి, కెరటం లోపలికొచ్చి గాలిని నెడితే ఆ గాలితో టర్బైన్లు తిప్పుతున్నారు. 2011 నుంచి నడుస్తోంది, 16 టర్బైన్లు, మొత్తం 296 కిలోవాట్లు. ఎలాగూ గోడ కట్టాలి, అందులోనే యంత్రం. ఉప్పాడకి ఎలాగూ ఏటా రాళ్లు పోస్తూనే ఉన్నాం కదండీ.

మడ అడవి
296 కిలోవాట్లంటే ఒక మోస్తరు రైసు మిల్లుకి సరిపోతుందేమో. అట్లాంటిక్ కెరటాలకి అంత వస్తే మనకి ఎంత వస్తుందో లంకల పిల్ల గారి లెక్కతో చూసుకోండి. కాకినాడ రేవు గోడలో పెడదామంటే హోప్ ఐలాండు చాటున అసలు కెరటమే రాదు. ఉప్పాడలో గోడ కట్టాల్సి వస్తే కోత కోసమే కట్టండి, కరెంటు దాని ఖర్చుని సమర్థించదు. రెండూ కలిపి ప్రాజెక్టు రాస్తే చివరికి కరెంటు కోసం గోడని తప్పు చోట కడతారు.

పాత రిగ్గు మనిషి
మన దేశానికి ఇది కొత్తేం కాదు. కేరళ విళింజంలో 1991లోనే ఐఐటీ మద్రాసు వాళ్లు ఇదే పద్ధతిలో 150 కిలోవాట్ల యంత్రం కట్టారు, ప్రపంచంలో తొలినాటి వాటిలో అదొకటి. వర్షాకాలంలో బాగా, మిగతా నెలల్లో నీరసంగా తిరిగేది. తరవాత దాంతో ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే ప్రయోగం చేశారు. వ్యాపారం దాకా వెళ్లలేదు. మళ్లీ 2022 నవంబరులో ఐఐటీ మద్రాసు వాళ్లే తూత్తుకుడి దగ్గర ఒడ్డుకి 6 కిలోమీటర్ల లోపల, 20 మీటర్ల లోతులో సింధుజ-1 దింపారు. ఎంతనుకున్నారు? 100 వాట్లు. నవ్వకండి, మీటరు కెరటంలో పని చేసేలా మన సముద్రం కోసం గీసింది అది. అలాంటిది కావాలి. స్కాట్లాండు సరుకు మనకి కాదు.

రొయ్యల చెరువు
నాకు టర్బైన్లు తెలీవు గానీ కరెంటు ఎప్పుడు కావాలో తెలుసు. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా. అప్పుడు చెరువులో ప్రాణవాయువు అడుగంటుతుంది, ఏరేటర్లు ఆగితే రొయ్య తేలిపోద్ది, అప్పు మీద పడ్డట్టే. ఆక్వాకి యూనిట్ రూపాయిన్నరకి ఇస్తున్నారు, సంతోషం, కానీ ఆ టైములో పోతే చవగ్గా ఇచ్చి ఏం లాభం? డీజిలు జనరేటరు లేని చెరువు మా వైపు లేదు. సోలారు వాళ్లు వచ్చి పగలు బ్రహ్మాండం అంటారు. పగలు నాకెందుకండి? సముద్రం రాత్రి కూడా నిద్రపోదు కదా, ఆ మాట నిజమైతే నేను మీ వైపే.

వేమగిరి లైను
మంచి ప్రశ్న వేశారు. కెరటానికి రాత్రీ పగలూ తేడా లేదన్నది నిజం. మన దగ్గర ఎక్కువగా వచ్చే పొడుగు కెరటాలు ఇక్కడి గాలికి పుట్టినవి కావు, దక్షిణ మహాసముద్రంలో తుపాన్లకి పుట్టి రోజుల తరబడి నడిచొచ్చినవి. ఇక్కడ గాలి లేని రోజున కూడా వస్తాయి. హైదరాబాదులో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు ఆ కెరటాలు ఎప్పుడొస్తాయో ముందే చెబుతారు. గ్రిడ్డు నడిపేవాడికి ఎంత వస్తుందన్న దాని కన్నా ఎప్పుడు వస్తుందో తెలియడం ముఖ్యం. గాలిని రేపటికి చెప్పడం కష్టం, కెరటాన్ని చెప్పడం తేలిక. గాలీ కెరటమూ కలపడంలో నాకు నచ్చింది ఈ ఒక్క విషయమే, తక్కువైనా నమ్మకంగా వచ్చేది పక్కన ఉంటుంది.

ఇంకో గిరాకీ కూడా వస్తోంది. కాకినాడలో పాత ఎరువుల ఫ్యాక్టరీ చోట పచ్చ అమ్మోనియా ప్లాంటు కడుతున్నారు, ఏడాదికి పది లక్షల టన్నులు లక్ష్యం. దానికి ఇరవై నాలుగ్గంటలూ పునరుత్పాదక కరెంటే కావాలి. వాళ్లు ప్రస్తుతం రాయలసీమ సోలారు, గాలి, పిన్నాపురంలో నీళ్లు పైకి తోడి నిల్వ చేసి కరెంటు తీసే ప్లాంటు కలిపి సర్దుకుంటారు. సముద్రం కరెంటు ఆ ధరకి దిగుతుందా అంటే ఇప్పట్లో దిగదు.

లంకల పిల్ల
నేనైతే గ్రిడ్డుని కొన్నాళ్లు మరిచిపోమంటాను. మన సముద్రంలోనే కరెంటు కొనుక్కునేవాళ్లు ఉన్నారు కదా!

నార్వే వాళ్ల హైవిండ్ టాంపెన్ చూడండి. ఒడ్డుకి 140 కిలోమీటర్ల దూరాన, 260 నుంచి 300 మీటర్ల లోతులో 11 తేలే గాలిమరలు, 88 మెగావాట్లు. ఆ కరెంటు ఒడ్డుకే రాదు. స్నోరే, గుల్‌ఫాక్స్ అనే ఐదు చమురు ప్లాట్‌ఫారాలకి వెళుతుంది, వాళ్ల ఏడాది అవసరంలో మూడో వంతు పైన. అక్కడ అంతకుముందు గ్యాసు కాల్చి టర్బైన్లు తిప్పేవాళ్లు.

ఇక కెరటాల సంగతి. ఆర్క్నీ దీవుల దగ్గర 2023లో బ్లూ ఎక్స్ అనే 20 మీటర్ల పొడుగు యంత్రాన్ని సముద్రం అడుగున పెట్టిన బ్యాటరీకి కలిపారు. దాని గరిష్ఠం 10 కిలోవాట్లే. దాంతో నీటి అడుగున ఉన్న చమురుబావి కంట్రోల్ పెట్టె, డ్రోను లాంటివి నడిపారు, ఏడాదికి పైగా. పది కిలోవాట్లు ఊరికి లెక్కలోకి రావు. అదే సముద్రం అడుగున ఉన్న ఒక వాల్వుకి పది కిలోవాట్లు బంగారం, ఎందుకంటే ఒడ్డు నుంచి పదుల కిలోమీటర్లు బొడ్డుతాడులా లాగే కేబుల్ ఖర్చు తప్పుతుంది. మన కేజీ బేసిన్‌లో అడుగున ఇలాంటి బావులు ఎన్ని ఉన్నాయో పాత రిగ్గు బాబాయ్ గారికి తెలుసు.

పాత రిగ్గు మనిషి
అమ్మాయ్, నా నోట్లో మాట లాగేశావు. రవ్వ చమురు క్షేత్రం 1993 నుంచి నడుస్తోంది, తక్కువ లోతు, ప్లాట్‌ఫారాలు. ఆ తరవాత వచ్చిన పెద్దవి చాలావరకు లోతుకి పోయాయి. డి6లోనే ఆర్ క్లస్టర్ అనే గ్యాసు క్షేత్రం 2020 డిసెంబరులో మొదలైంది, 2,000 మీటర్ల లోతు పైనే. ఓఎన్‌జీసీ వాళ్ల 98/2 బ్లాకులో 2024 జనవరిలో మొదటి చమురు వచ్చింది. మన తీరం ముందు ఖండపు అంచు చాలా సన్నం, కాస్త దూరం పోయేసరికి అడుగు జారిపోతుంది. గుజరాత్ వాళ్లలా మైళ్ల కొద్దీ తక్కువ లోతులో స్తంభాలు పాతుకుంటూ పోవడం ఇక్కడ కుదరదు. పాతినా, గోదావరి వేల ఏళ్లుగా పోసిన మెత్తని బంకమట్టి, అందులో అక్కడక్కడ గ్యాసు బుడగలు. స్తంభం చాలా లోతుకి దిగాలి. కాబట్టి ఇక్కడ వస్తే గిస్తే తేలేవే రావాలి, వచ్చేది ముందు గ్యాసువాళ్ల కోసమే. వాళ్ల దగ్గర లంగర్లు వేసే ఓడలు, అడుగు పటాలు, సముద్రంలో పని తెలిసిన మనుషులు అన్నీ కాకినాడలోనే ఉన్నాయి.

తుపాను మాట ఎవరూ ఎత్తలేదేమిటి? 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాడికి ఎవడూ చెప్పక్కర్లేదు, వెయ్యిమందికి పైగా పోయారు. 2018 డిసెంబరులో పెథాయ్ కాట్రేనికోన దగ్గరే ఒడ్డెక్కింది. గాలిమర సెకనుకి 25 మీటర్లు దాటితే రెక్కలు తిప్పేసుకుని ఆగిపోతుంది, ఆ తరవాత నిలబడాలి అంతే. తుపాను ప్రాంతాలకి వేరే తరగతి ఉంది, 57 మీటర్లు, అంటే గంటకి 205 కిలోమీటర్లు, పది నిమిషాల సగటు తట్టుకునేలా. చైనా వాళ్లు అలాంటివి చేస్తున్నారు, అయినా 2024 సెప్టెంబరులో యాగీ తుపాను హైనాన్‌లో ఒడ్డు మీద నిలబెట్టిన గాలిమరల్ని విరిచి పారేసింది. కెరటాల యంత్రానికి ఇంకా కష్టం. గాలిమర రెక్కలు మూసుకుంటుంది, అది దేన్ని మూసుకుంటుంది? ఏడాదంతా మీటరు కెరటానికి చిన్నగా కట్టుకోవాలి, ఒక్క రాత్రి పది మీటర్ల కెరటానికి పెద్దగా కట్టుకోవాలి. మన సముద్రానికి ఉన్న పెద్ద చిక్కు ఇదే. స్కాట్లాండులో కెరటం రోజూ పెద్దదే కాబట్టి గట్టిగా కట్టిన ఇనుము ఊరికే పోదు. ఇక్కడ ఇనుమంతా తుపాను కోసం, రాబడి మీటరు కెరటం నుంచి.

యానాం బాబాయి
మళ్లీ నవ్వులాటగా అనట్లేదు. తుపాను వస్తోందంటే నీళ్లలోకి ముంచేసి, పోయాక పైకి తేవచ్చు కదా? జలాంతర్గామిలాగా?

పాత రిగ్గు మనిషి
చేస్తున్నారు, నీళ్లు నింపుకుని కిందకి దిగే నమూనాలు ఉన్నాయి. పోర్చుగల్‌లో 2023లో దింపిన ఒక బోయా, కెరటం పెద్దదైతే తన ఊపుని తనే తగ్గించుకునేలా చేశారు. ఆ ఏడాది శీతాకాలపు తుపాన్లు తట్టుకుంది. మీరు నవ్వులాటకి అన్నా సరే, చూడాల్సిన దారి అదే.

మోడరేటర్
విషయం బాగా నడుస్తోంది. రాజకీయ వ్యాఖ్యలు రెండు తీసేశాను, ఎవరివో వాళ్లకి తెలుసు.

కోటిపల్లి రేవు
అయితే నా సెమినార్ తిరగరాస్తున్నానండి. గ్రిడ్డు కోసం ఒకే దిమ్మె అన్నది వదిలేస్తున్నాను. తేలే గాలిమరలు కొన్ని, విడిగా చిన్న కెరటాల యంత్రాలు, గ్యాసు క్షేత్రాల అవసరానికి. మిగిలిన కరెంటు ఒక కేబుల్ మీద ఒడ్డుకి. ఆ కేబుల్ ఎక్కడ ఒడ్డెక్కాలి? గాడిమొగ, ఓడలరేవు దగ్గర గ్యాసు టెర్మినళ్లు ఎలాగూ ఉన్నాయి కదా, అక్కడికే తెస్తే?

బైరవపాలెం సరంగు
ఆ కేబులు ఎంత లోతున పూడుస్తారండి?

పాత రిగ్గు మనిషి
మామూలుగా మీటరు నుంచి రెండు మీటర్లు.

బైరవపాలెం సరంగు
అయితే మొగ దగ్గర తేలిపోద్ది. వరదొచ్చినప్పుడు మొగ అడుగు ఎన్ని బారలు కోస్తదో ఎవరన్నా కొలిచారా? 86లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో పాతిక లక్షలు దాటింది. ప్రతి వరదకీ మొగ పక్కకి జరుగుద్ది. ఇయ్యాల ఇసక దిబ్బ ఉన్న చోట రేపు పడవ పోద్ది. ఓడలరేవంటే వైనతేయం మొగ పక్కనే కదండి.

మడ అడవి
సరంగు గారు చెప్పింది అక్షరాలా నిజం. గాడిమొగ వైపు గౌతమి మొగ, కోరంగి. అటు వద్దు. రెండు మొగలకీ దూరంగా, ఎస్. యానాం వైపు తిన్నని తీరం ఉన్న చోట ఒడ్డు కింద నుంచి సొరంగంలా డ్రిల్లు చేసి కేబుల్ లాగాలి, ఇసక తవ్వకూడదు. అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో పని, లైట్లు అస్సలు వద్దు.

పాత రిగ్గు మనిషి
సముద్రం నెమ్మదిగా ఉండేది ఆ నెలల్లోనే మహానుభావా. జూన్ నుంచి నైరుతి కెరటం, అక్టోబరు నుంచి వాయుగుండాలు. ఇంక కేబుల్ ఓడ ఎప్పుడు రావాలి?

వేమగిరి లైను
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు. బోట్లు ఒడ్డునే ఉంటాయి, తాబేళ్లు చాలావరకు అయిపోతాయి, మే అంతా రుతుపవనం రాదు. మేలో ఒక తుపాను వస్తే వచ్చింది, ఓడ కాకినాడ రేవులో దూరుతుంది.

బైరవపాలెం సరంగు
నిషేధం మోటారు బోట్లకేనండి, తెడ్డు నావలు, తెప్పలు అప్పుడు కూడా ఒడ్డు పక్కన తిరుగుతాయి. వాటికి ముందే చెప్పాలి. ఇంకోటి అడుగుతాను. కేబులు వేసేటప్పుడు అటూ ఇటూ బోట్లు రాకుండా కాపలా బోట్లు పెడతారు కదా. అయ్యి ఎవరియ్యి?

లంకల పిల్ల
ఇక్కడ ఉత్తర సముద్రంలో ఆ పనికి చేపల బోట్లనే అద్దెకి తీసుకుంటారు సరంగు గారూ. సరంగుకి, కళాసీలకి కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి, రోజుకింత అని. ఆ నీళ్లు వాళ్లకే తెలుసని.

బైరవపాలెం సరంగు
ఆ 61 రోజులు మా బోట్లు ఊరికే కూర్చుంటాయండి. మావోళ్లని పెడితే వల పట్టుకున్నోడికి ఎట్టా చెప్పాలో కూడా మావోళ్లకే తెలుసు. తమ్ముడూ, నువ్వు రాసే కాగితంలో ఆ మాట రాయి. టెండర్లో కూడా ఉండాలని రాయి.

కోటిపల్లి రేవు
రాస్తానండి. ఆదివారం బైరవపాలెం వస్తాను, ఏ బారల దగ్గర ఏ నెలలో వల వేస్తారో పటం మీద గీయించుకుంటాను. కుదురుతుందా?

బైరవపాలెం సరంగు
ఆదివారం కాదు, పున్నమి దాటాక రా. పోటు మీద ఉంటాం.